సినిమా ఎట్టుందని అడిగితే ఏం చెప్పాలి

కందుకూరులో నాది జాకెట్లు, డ్రెస్సులు కుట్టే కొట్టు. నాకు సినిమాల పిచ్చి ఉందని మా వీధి మొత్తానికీ తెలుసు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు గుడ్డ బల్ల మీద పెడుతూనే "అక్కా, ఆ సినిమా చూశావంటగా, ఎట్టుంది?" అంటారు. చాలామంది ఆ ప్రశ్నని తేలిగ్గా తీసుకుని "సూపర్" అనో "వేస్ట్" అనో అనేస్తారు. నేను అలా అనలేను. నలుగురున్న ఇల్లు సినిమాకి పోవాలంటే టిక్కెట్లు, ఆటో, ఇంటర్వెల్లో పిల్లలకి కొనిపెట్టేవి అన్నీ కలిపి ఒక మనిషి రోజు కూలీ దాటిపోతుంది. పొగాకు గ్రేడింగ్‌కి పోయే ఆడమనిషి నా మాట మీద ఆ డబ్బు తీస్తుంటే, ఆ మాటకి ఒక లెక్క ఉండాలి. నేను పాటించే పద్ధతి చెబుతాను. మీరూ చేసి చూడండి.

ముందుగా, హాల్లోంచి బయటికొస్తూ అభిప్రాయం చెప్పకండి. అప్పటికి చెవుల్లో ఇంకా బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మోగుతూ ఉంటుంది. పక్కన కుర్రాళ్లు అరుస్తుంటారు, ఫోన్ తెరిస్తే ఎవరో మూడున్నర రేటింగ్ ఇచ్చేసి ఉంటారు. ఆ గోలలో మీ మాట ఏదో, వాళ్ల మాట ఏదో తెలియదు. ఒక రాత్రి నిద్రపోయి లేవండి. మర్నాడు పనిలో ఉన్నప్పుడు ఆ సినిమాలోంచి దానంతటది ఏం గుర్తొస్తుందో చూడండి. మీకు నిజంగా తగిలింది అదే.

'కోర్ట్' నాకు అలాగే తేలింది. 2025 మార్చి 14న వచ్చింది, దర్శకుడు రామ్ జగదీశ్‌కి అదే మొదటి సినిమా. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, పదిహేడేళ్ల అమ్మాయి, కుర్రాడి మీద పోక్సో కేసు, అంటే మైనర్లపై లైంగిక నేరాల చట్టం కింద పెట్టే కేసు. చూసొచ్చిన రాత్రి మేమందరం లాయరుగా చేసిన ప్రియదర్శి వాదన గురించే మాట్లాడుకున్నాం. మర్నాడు మిషన్ తొక్కుతుంటే మాత్రం నాకు గుర్తొచ్చింది శివాజీ వేసిన మంగపతి. ఇంట్లో ఆడవాళ్లు ఎవరితో మాట్లాడాలో, ఎలా ఉండాలో అన్నీ తానే తేల్చేసే మనిషి. అలాంటివాళ్లు నా కొట్టుకీ వస్తారు. కూతురు నోరు తెరవకుండా నిలబడి ఉంటుంది, తండ్రి ముందుకొచ్చి "వెనక మెడ ఇంత దించొద్దు, చేతులు మోచేతి దాకా పెట్టు" అంటాడు. నేను టేపు పట్టుకుని ఆ పిల్ల మొహం చూస్తాను. మంగపతి అరుస్తున్నప్పుడు హాల్లో చాలామంది ఆడవాళ్లు కదలకుండా కూర్చున్నారంటే, వాళ్లందరికీ అలాంటి మనిషి ఒకడు తెలిసే ఉండాలి. అందుకని నేను 'కోర్ట్' గురించి ఇలా చెప్పాను: "పిల్లల పరిచయం, ప్రేమ ముచ్చటగా ఉన్నాయి గానీ కొత్తవి కావు. వాదనలు బాగున్నాయి. సినిమాకి ప్రాణం మంగపతే. ఆడపిల్ల ఉన్న ఇంట్లో అమ్మానాన్నలిద్దరూ కలిసి చూడాలి." ఈ మాట విన్న వాళ్లు "సూపర్ అంట" అని వెళ్లరు. ఏం చూడబోతున్నారో తెలిసి వెళతారు.

రెండోది, మీరు నోరు తెరిచే ముందు అడిగినవాళ్లనే రెండు ప్రశ్నలు అడగండి. ఎవరితో పోతున్నారు? ఏం కావాలని పోతున్నారు? ఒకే సినిమాకి ఇద్దరికి రెండు సమాధానాలు చెప్పడం అబద్ధమాడటం కాదు. ఒకే గుడ్డ ఇద్దరికి రెండు కొలతల్లో కుడతాం కదా, ఇదీ అంతే.

2025 సంక్రాంతికి వచ్చిన వెంకటేష్ సినిమా 'సంక్రాంతికి వస్తున్నాం' తీసుకోండి. పండక్కి వచ్చిన అక్కచెల్లెళ్లు, బావలు, పిల్లలు అందరూ కలిసి పోయి నవ్వుకోవడానికి అనిల్ రావిపూడి తీసిన సినిమా అది. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. చాలా ఏళ్ల తర్వాత రమణ గోగుల గొంతు 'గోదారి గట్టు' పాటలో వినిపిస్తే ప్రాణం లేచొచ్చింది. ఐశ్వర్యా రాజేష్ భార్య పాత్రలో ఎంత సహజంగా ఉందంటే, ఆ చీర కట్టులో ఆమె మా బజారు మనిషిలాగే అనిపించింది. కానీ చిన్నపిల్లల తల్లి అడిగితే నేను మొదట చెప్పింది ఇవేవీ కాదు, బుల్లిరాజు గురించి. ఓటీటీలో చూసి తిట్లు నేర్చుకున్న పిల్లాడి పాత్ర అది. ఆ మాటలకి పెద్దలు పగలబడి నవ్వుతారు, అది చూసిన పిల్లలు ఇంటికొచ్చి అవే అంటారు. తీసుకెళ్లొద్దని నేను చెప్పలేదు. ముందే తెలిస్తే ఏం చేయాలో ఆ తల్లే చూసుకుంటుంది.

'తండేల్' వచ్చినప్పుడు, సముద్రం ఒడ్డున ఉన్న పాకల ఊరి వైపు నుంచి వచ్చే ఒకామె అడిగింది. ఆమె భర్త వేటకి పోతాడు. ఆ సినిమాలో శ్రీకాకుళం మత్స్యకారులు పని కోసం గుజరాత్ పోయి, అక్కడి బోట్ల మీద వేటకి వెళ్లి పాకిస్తాన్‌కి చిక్కుతారు. 2018లో నిజంగా జరిగిన దాని ఆధారంగా చందూ మొండేటి తీశాడు. ఆమె నాగచైతన్య ఎలా చేశాడని అడగలేదు, పాటల గురించీ అడగలేదు. "ఇంట్లో ఉండేవాళ్ల సంగతి చూపించారా?" అంది. చూపించారు. సాయిపల్లవి మొహంలో ఆ ఎదురుచూపు, వద్దన్నా పోయాడన్న కోపం, ఆ కోపంలోనే ఉన్న భయం, అన్నీ ఉన్నాయి. సినిమాలో నాకు బాగా నచ్చింది ఆ భాగమే. పాకిస్తాన్ జైలు సీన్లు మాత్రం వేరే సినిమాలోంచి తెచ్చి అతికించినట్టు ఉన్నాయి, అక్కడ మనుషుల కంటే డైలాగులు ఎక్కువైపోయాయి. ఆమెకి ఇదే చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాను: సముద్రంలో ఉన్న మనిషి తిరిగొచ్చాక ఇద్దరూ కలిసి పొమ్మని. వేటకి పోయిన రోజుల్లో ఒంటరిగా చూసే సినిమా కాదది.

'కుబేర' గురించి అడిగినవాళ్లకి మొదట చెప్పాల్సింది నిడివి. మూడు గంటల సినిమా. తిరుపతిలో అడుక్కునే దేవాగా ధనుష్ చేసినంత నేను ఈమధ్య ఎవరి దగ్గరా చూడలేదు. చెయ్యి చాపడం, తినడం, భయపడటం, ఏదీ నటనలా లేదు. నాగార్జున కూడా హీరోలా కాకుండా, తప్పని తెలిసి తప్పులోకి దిగిన మనిషిలా చేశాడు. శేఖర్ కమ్ముల ఓపిగ్గా చెప్పాడు, మనమూ ఓపిగ్గా చూడాలి. చివరి అరగంట సాగింది. నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్లకి, చంటిపిల్లలు ఉన్నవాళ్లకి ఓటీటీలో చూసుకోమన్నాను. మిగతావాళ్లని తప్పక పొమ్మన్నాను.

సినిమాని, హాలుని విడదీసి చెప్పడం కూడా ముఖ్యం. నేనొకసారి ఒక హాల్లో కుడివైపు స్పీకర్ బొంగురుగా ఉండి సగం మాటలు వినపడక చిరాకుపడ్డాను. అది దర్శకుడి ఖాతాలో వేస్తే అన్యాయం. అలాగే సూళ్లూరుపేటలో వంద అడుగుల వెడల్పు తెర ఉన్న హాలు ఉంది. 2019లో 'సాహో'తో మొదలైంది. దాని ముందు కూర్చుంటే మామూలు ఫైటు కూడా గుండె అదరగొడుతుంది. అక్కడ చూసొచ్చినవాళ్లు "అద్భుతం" అంటే, ఎంత తెరదో ఎంత సినిమాదో అడగండి. మీరు చెప్పేటప్పుడు ఎక్కడ చూశారో కూడా చెప్పండి. ఇంట్లో టీవీలో చూస్తే ఆ సంగతీ చెప్పండి.

ఇంట్లో చూసినా ఏమీ తగ్గని సినిమాలు ఉంటాయి. '35 చిన్న కథ కాదు' అలాంటిది. సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే తొమ్మిది కంటే పెద్దది ఎలా అవుతుందని అడిగే పిల్లాడు, వాడికి చెప్పడం కోసం తాను నేర్చుకునే తల్లి. నివేదా థామస్ ఆ తల్లిగా చేసింది. లెక్కల్లో తక్కువ మార్కులొచ్చాయని పిల్లల్ని కొట్టే ప్రతి ఇంటికీ నేను ఈ సినిమా చెబుతూనే ఉన్నాను, ఇంకా చెబుతాను.

అభిమానులతో మాట్లాడటం వేరే పని. 'పుష్ప 2' మీద నా మాట చెప్పేసరికి మా పక్కింటి కుర్రాడు కొట్లాటకొచ్చాడు. అభిమాని ముందు మొదట నచ్చింది చెప్పండి, అదీ వివరంగా. నాకు ఆ జాతర ఘట్టం చాలా నచ్చింది. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు ఆడవేషం కట్టడం తరతరాలుగా ఉన్నదే. అల్లు అర్జున్ చీర కట్టుకుని ఆడుతుంటే వేషంలా కాదు, పూనకంలా ఉంది. పమిట ఎక్కడా జారకుండా అంత ఆట ఎలా ఆడాడో అని కుట్టేదాన్ని కాబట్టి నాకు ఆశ్చర్యం. ఇది మనస్ఫూర్తిగా చెప్పాక, మూడు గంటల ఇరవై నిమిషాలు ఎక్కువ, చివరి ఫైటు అంత అక్కర్లేదు అన్నాను. వాడు ఒప్పుకోలేదు గానీ విన్నాడు. వినడం చాలు. కలెక్షన్ల వాదనలోకి మాత్రం దిగొద్దు. నైజాం (తెలంగాణ) ఎంత, సీడెడ్ (రాయలసీమ) ఎంత, నెల్లూరు ఎంత అని ఏరియాల వారీగా వచ్చే అంకెలు పంపిణీదారుడికి కావాలి. రేపు సాయంత్రం ఆటకి పోదామా వద్దా అని అడిగే ఇల్లాలికి వాటితో పని లేదు.

మీకు నచ్చని సినిమా ఇంకొకరికి నచ్చుతుందని తెలిస్తే, రెండు ముక్కలూ చెప్పండి. 'మహావతార్ నరసింహ' నాకు సగం వరకూ పట్టలేదు. యానిమేషన్‌లో మొహాలు బిగుసుకుపోయినట్టుగా అనిపించాయి. కానీ మాకు దగ్గర్లో మాలకొండ ఉంది, నరసింహస్వామి గుడి. శనివారం మాత్రమే తెరుస్తారు. ప్రతి శనివారం తప్పకుండా కొండకి పోయే పెద్దావిడ నా దగ్గర కుట్టించుకుంటుంది. ఆమెకి నా చిరాకంతా ఎందుకు? "స్తంభం పగిలే దగ్గర్నుంచి నువ్వు కళ్లార్పవు పెద్దమ్మా, పో" అన్నాను. హాల్లో ఆ ఘట్టానికి చేతులు జోడించినవాళ్లని నేను చూశాను, అందుకే అంత గట్టిగా చెప్పగలిగాను. అదే సినిమా గురించి బొమ్మలు గీసే మా అన్న కొడుకు అడిగితే ఆ మొహాల సంగతే చెప్పాను.

కథ ఎంత వరకు చెప్పాలి అంటే, ఇంటర్వెల్ దాకా కూడా వద్దు. మొదటి పావుగంటలో తెలిసేది చాలు. ఏడుపు ఉందా, రక్తం ఉందా, పిల్లలు భయపడేది ఉందా, ఈ మూడూ అడిగితే దాచొద్దు. ఎవరు చనిపోతారో అడిగితే మాత్రం చెప్పొద్దు.

ఇవన్నీ గుర్తుండాలంటే రాసుకోవాలి. నేను కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాస్తాను. సినిమా పేరు, ఎక్కడ, ఎవరితో, మర్నాడు గుర్తొచ్చింది, నచ్చనిది, ఎవరికి చెప్పాలి. 'లిటిల్ హార్ట్స్' కింద నేను రాసుకున్నది ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

"2025 సెప్టెంబర్. మా అమ్మాయితో, మొదటి ఆట. పెద్ద హీరో లేడు, ఫైటు లేదు. ఎంసెట్ పోయి లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరిన కుర్రాడు. ఆ కుర్రాడిగా మౌళి మాట్లాడితే పక్కింటి పిల్లాడు మాట్లాడినట్టుంది. గుర్తున్నది: తండ్రిగా రాజీవ్ కనకాల, కొడుకు మీద ఆశ వదులుకోలేక పడే తిప్పలు. తగ్గింది: సెకండ్ హాఫ్‌లో కథ ఎక్కువ లేదు, నవ్వులతో నడిపేశారు. నెల్లూరులో పిల్లల్ని కోచింగ్‌కి పెట్టినవాళ్లకి చెప్పాలి. పిల్లలతో కలిసి పొమ్మనాలి, తిరిగొస్తూ ర్యాంకు మాటెత్తొద్దని చెప్పాలి."

ఇలా నాలుగు ముక్కలు రాసుకుంటే ఎవరు ఎప్పుడు అడిగినా మాట తడబడదు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నా సరే, ఇంతకంటే ఎక్కువ రాయక్కర్లేదు.

మీ మాట మీద పోయి వచ్చినవాళ్లు "నాకు నచ్చలేదక్కా" అంటే వాదించకండి. ఏ సీన్ దగ్గర విసుగొచ్చిందో అడగండి. ఒకామె కొట్లాట మొదలైతే కళ్లు మూసుకుంటానంది. ఇంకొకామె అత్తాకోడళ్ల గొడవ సినిమాలో కూడా చూడలేనంది, ఇంట్లో చాలంట. ఈ సంగతులు నేను వాళ్ల జాకెట్టు కొలతల పక్కనే చిన్నగా రాసి పెట్టుకుంటాను. మళ్లీ వాళ్లొచ్చి కొత్త సినిమా గురించి అడిగినప్పుడు పుస్తకం తెరిచి, అది చూసుకుని చెబుతాను.