ఇంట్లోనే యాంప్లిఫయర్ – 4వ పాఠం: ఐసీ కాళ్ల దగ్గరి 104

పోయిన పాఠంలో ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, 2200 మైక్రోఫారడ్ ఫిల్టర్ కెపాసిటర్ దాకా వచ్చాం. ఈసారి పని చిన్నదే, ఐసీ సప్లై కాళ్ల మధ్య 104 అని రాసి ఉండే చిన్న కెపాసిటర్, దాని పక్కన ఇంకొకటి, నాలుగు టంకాలు. అయితే దీన్ని వదిలేసి తర్వాత తల పట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఇక్కడ పర్లాకిమిడిలో మా వీధి గుడి మైక్ సెట్‌కి టీడీఏ2030 అనే యాంప్లిఫయర్ ఐసీతో ఓ బోర్డు కట్టాను, 12 వోల్టుల సింగిల్ సప్లై. పాట పెడితే గొంతు పైకి వెళ్లిన చోటల్లా గరగర. పాట ఆపేసినా హీట్ సింక్ (ఐసీ వేడిని లాగే లోహపు రేకు) మీద చెయ్యి ఆనడం లేదు, అంత వేడి. స్పీకర్ మార్చా, పాతపట్నం వెళ్లి కొత్త ఐసీ తెచ్చా, అదే గోల. చివరికి విసుగొచ్చి ఒక 104 డిస్క్ కెపాసిటర్‌ని టంకం లేకుండానే ఐసీ 5వ కాలికీ (సప్లై ప్లస్) 3వ కాలికీ (ఇక్కడ గ్రౌండ్) ఆనించి పట్టుకుంటే గరగర పోయింది, తీస్తే మళ్లీ వచ్చింది!

104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, పికోఫారడ్లలో. అంటే 0.1 మైక్రోఫారడ్. అంత పెద్ద 2200 ఉండగా ఈ పిసరంతది ఎందుకంటారా? మహేంద్రతనయలో ఎన్ని నీళ్లున్నా అన్నం తింటూ పొలమారితే పక్కన గ్లాసే కావాలి కదా. ఫిల్టర్ నుంచి ఐసీకి వచ్చే పది సెంటీమీటర్ల వైరుకి సుమారు 100 నానోహెన్రీల ఇండక్టెన్స్, అంటే కరెంటు మార్పుని అడ్డుకునే గుణం, ఉంటుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాని అడ్డు ఓమ్‌లో వందో వంతు, లెక్కలోకి రాదు. 10 మెగాహెర్ట్జ్ దగ్గర 6 ఓమ్‌లు దాటుతుంది. అలా పై ఫ్రీక్వెన్సీల్లో సప్లై గట్టిగా నిలబడకపోతే ఐసీ మన చెవికి అందని ఫ్రీక్వెన్సీలో తనంతట తనే ఊగడం మొదలుపెడుతుంది, మనకు వినబడేది దాని వల్ల పాడైన పాట. డేటాషీట్‌లో కూడా ఈ 0.1 విలువ తగ్గిస్తే ఆసిలేషన్ (ఈ ఊగడమే) ప్రమాదమనే రాశారు.

కాబట్టి బోర్డు తిప్పి, 104ని కింది వైపు నుంచే 5, 3 కాళ్ల మధ్య టంకం పెట్టండి, కెపాసిటర్ కాళ్లు అర సెంటీమీటరు మించకుండా కత్తిరించి. పక్కనే, అవే కాళ్ల మధ్య, 100 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్, దాని ప్లస్ 5వ కాలి వైపు. ఖరీదైన ఫిల్మ్ కెపాసిటర్ వేస్తే పాట తియ్యబడుతుందనేవాళ్లున్నారు, సప్లై బైపాస్‌లో (ఇలా సప్లై కాళ్ల మధ్య వేసే చోట) నా చెవికైతే ఎప్పుడూ తేడా దొరకలేదు. కాలు పొడుగు మాత్రం దొరికింది, అదే 104ని రెండంగుళాల వైరుతో వేలాడదీస్తే గరగర సగం తిరిగొచ్చింది.

ఇప్పుడు ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి కలిపి పది నిమిషాలు ఆన్‌లో ఉంచి హీట్ సింక్ ముట్టుకోండి. ఇంకా కాలుతుంటే అవుట్‌పుట్ దగ్గరి 1 ఓమ్, 0.22 మైక్రోఫారడ్ రెసిస్టర్-కెపాసిటర్ జంట చూడాలి, అది వచ్చే పాఠంలో.