ఓరుగల్లు ఎండకు తట్టుకునే పీసీ: తక్కువ ఖర్చులో ఓవర్‌క్లాకింగ్‌కు ఏ పార్టులు కొనాలి

జనవరిలో గది 24 డిగ్రీలు ఉన్నప్పుడు గేమ్‌లో ప్రాసెసర్ 72 దగ్గర ఆగిందనుకోండి. అదే సెట్టింగ్‌తో మే నెలలో గది 38కి చేరితే ప్రాసెసర్ 86 చూపిస్తుంది. ఏ కూలరైనా చిప్‌ను గది గాలి కంటే కొన్ని డిగ్రీలు పైన పట్టి ఉంచగలదు, అంతే. గది ఎంత వేడెక్కితే చిప్ అంత వేడెక్కుతుంది. అందుకే వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు ఓవర్‌క్లాకింగ్ (చిప్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడపడం) కోసం పీసీ కట్టేవాళ్లు రంగు లైట్లకు పెట్టే పైసలను మదర్‌బోర్డు, పవర్ సప్లై, కేస్‌లోకి వచ్చే గాలి మీద పెట్టాలి.

ప్రాసెసర్ విషయం తొందరగా తేలిపోతుంది. ఇంటెల్‌లో మామూలుగా పేరు చివరి అక్షరాల్లో 'కె' ఉన్నవాటికే మల్టిప్లయర్ (వేగాన్ని నిర్ణయించే గుణకం) తెరిచి ఉంటుంది, దానికి తోడు జెడ్ సిరీస్ బోర్డు కావాలి, రెండూ కలిస్తే బడ్జెట్ దాటిపోతుంది. ఏఎండీలో రైజెన్ 5 5600 సరిపోతుంది: 6 కోర్లు, 12 థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3 కాష్ (చిప్ లోపలి వేగవంతమైన మెమరీ), 65 వాట్లు. ధర తక్కువని 5500 వైపు పోవద్దు. దాని కాష్ సగమే, పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డును కలిపే దారి) కూడా 3.0 దగ్గరే ఆగిపోతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి, 5600లో సొంత గ్రాఫిక్స్ లేదు. గ్రాఫిక్స్ కార్డు వచ్చేదాకా స్క్రీన్ వెలగదు.

ఎక్కువ మంది మోసపోయేది బోర్డు దగ్గరే. షాపులో కాంబో కింద ఏ320, ఏ520 బోర్డులు అంటగడతారు. వాటి మీద ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ కాదు. బీ450 గానీ బీ550 గానీ అడగండి. డబ్బా తెరిపించి ప్రాసెసర్ సాకెట్‌కు ఎడమ పక్కన, పైపక్కన చూడండి. అక్కడ చిన్న నల్ల చిప్‌లు వరుసగా ఉంటాయి. ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్‌ఎం అదే. రెండు వైపులా వాటి మీద బరువైన అల్యూమినియం హీట్‌సింక్ ఉండాలి. చిప్‌లు బోసిగా కనిపిస్తే ఆ బోర్డు ఎంత చవకైనా వదిలేయండి. మన ఎండాకాలంలో అవి ప్రాసెసర్ కంటే ముందే వేడెక్కుతాయి, స్పీడు తగ్గిపోతుంది, గేమ్ ఆగి ఆగి నడుస్తుంది, కారణం మాత్రం ఎక్కడా కనిపించదు. పాత స్టాక్ బీ450లో పాత బయోస్ (పీసీని లేపే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) ఉంటే 5600 అసలు బూట్ కాదు. షాపులోనే అప్‌డేట్ చేయించుకోండి, లేదా పెన్‌డ్రైవ్‌తో మీరే అప్‌డేట్ చేసుకునే బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు తీసుకోండి.

ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్ వద్దు, 8 జీబీవి రెండు తీసుకోండి. డీడీఆర్4 3200 సీఎల్16 (3200 వేగం, 16 ఆలస్యాన్ని చెప్పే అంకె) చాలు. 3600 దొరికితే ఇంకా మంచిది, దానికి మించి పెడితే మెమరీ వేగానికీ, ఫాబ్రిక్ (ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే దారి) వేగానికీ ఉన్న 1:1 జత చెడిపోయే అవకాశం ఎక్కువ. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో బిగించాలి. ఆ తర్వాత బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 3200 కొన్నా 2133 లేదా 2666 దగ్గరే నడుస్తుంది.

బడ్జెట్‌లో సగానికి కాస్త తక్కువ గ్రాఫిక్స్ కార్డుకు పోనివ్వండి. ఆర్‌ఎక్స్ 6600 8 జీబీ 1080పీ గేములకు బాగుంటుంది. 132 వాట్లే, ఒక్క 8 పిన్ కేబుల్ చాలు.

ఇక కరెంటు. ఓవర్‌క్లాక్ చేశాక ప్రాసెసర్‌కు 100, కార్డుకు 150, మిగతా వాటికి 50 వాట్లు వేసుకున్నా మొత్తం 300. మంచి 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథాను కొలిచే రేటింగ్) పవర్ సప్లైకి ఇది సుఖమైన లోడు. పెద్ద అక్షరాల వాట్లను నమ్మకుండా పక్కనున్న లేబుల్ మీద 12 వోల్ట్ గడి చదవండి. అక్కడ కనీసం 42 ఆంపియర్లు ఉండాలి, అంటే 504 వాట్లు. కేస్‌తో ఉచితంగా వచ్చే పవర్ సప్లైలో ఈ గడి దగ్గరే గుట్టు బయటపడుతుంది.

ఇంట్లో కేస్ ఇనుప రేకును ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందా? పీసీలో తప్పు వెతక్కండి, గోడ సాకెట్‌లో అర్త్ లేదు. పవర్ సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కేస్‌కు కలుపుతాయి. అర్త్ లేకపోతే ఆ రేకు మీద సుమారు 115 వోల్టులు తేలుతుంటాయి. ఎలక్ట్రీషియన్‌తో సాకెట్‌లో మీటర్ పెట్టించండి. ఫేజ్ నుంచి అర్త్‌కు దాదాపు 230 రావాలి, న్యూట్రల్ నుంచి అర్త్‌కు 2, 3 వోల్టులు మించకూడదు. ఇది సరిచేయకుండా ఓవర్‌క్లాక్ జోలికి పోవద్దు. యూపీఎస్ తీసుకుంటే వీఏ కాకుండా వాట్లు చూడండి. 600 వీఏ అన్నది చాలావరకు 360 వాట్లే, మానిటర్ కూడా కలిస్తే గేమ్ మధ్యలో టక్కున ఆగిపోతుంది.

కూలర్ విషయానికొస్తే, డబ్బాలో వచ్చేది ఓవర్‌క్లాక్‌కు చాలదు. 4 హీట్‌పైపులు, 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ వేయండి. కేస్ ముందు భాగం గాజు వద్దు, జాలీ ఉండాలి. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనుక ఒకటి బయటికి. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చే రోజుల్లో ఆ చుట్టుపక్కల, గ్రానైట్ కోసే చోట్ల ఏడాది పొడుగునా దుబ్బ జాలీకి పట్టేస్తుంది. రెండు వారాలకోసారి దులపండి. గదిలోని ఎయిర్ కూలర్ ఎదురుగా మాత్రం కేస్ పెట్టొద్దు, నీటి తుంపరతో పాటు ఉప్పు కూడా బోర్డు మీదికి చేరుతుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయినా, హనుమకొండలోనే కొన్నా, జీఎస్‌టీ బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరు రాయించండి. ఓవర్‌క్లాక్ వల్ల చెడితే ఏఎండీ వారంటీ వర్తించదని కూడా తెలిసి ఉండాలి.

బిగించాక ముందు ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రి నడపండి. ఒక్క తప్పు కూడా రాకూడదు. తర్వాత బయోస్ పీబీఓలో (ఏఎండీ సొంత ఓవర్‌క్లాక్ సెట్టింగ్) వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌ను అన్ని కోర్లకూ మైనస్ 10 పెట్టండి, ఉష్ణోగ్రత హద్దు 85 పెట్టండి. ఈ చిప్ గరిష్ఠ హద్దు 90. నిలకడగా ఉంటే కర్వ్ ఆప్టిమైజర్‌ను 5 చొప్పున దించండి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ప్రాసెసర్‌కు పూర్తి లోడు పెట్టే సినీబెంచ్‌లో గంటసేపు నిలిచిన పీసీ ఊరికే బ్రౌజర్ తెరిచి ఉన్నప్పుడు రీస్టార్ట్ కావచ్చు. లోడు తక్కువున్నప్పుడే ఒక్కో కోరు అన్నిటికన్నా ఎత్తుకు ఎగబాకుతుంది, తగ్గించిన వోల్టేజీ అక్కడ చాలదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ (హార్డ్‌వేర్ తప్పుల) ఎర్రర్లు కనిపిస్తే 5 వెనక్కి రండి. పీసీ అసలు లేవకపోతే ప్లగ్ తీసి, బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ ఐదు నిమిషాలు బయట ఉంచి మళ్లీ పెట్టండి, బయోస్ మొదటికి వస్తుంది.

చలికాలంలో కుదిరిన నంబరును ఖాయం చేసుకోకండి. ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నం మూడింటికి, రోజూ ఆడే గదిలో, తలుపులు రోజూ ఉండే తీరునే ఉంచి, ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి గంటసేపు గేమ్ ఆడండి. ప్రాసెసర్ 85ను తాకి క్లాకు దించుకుంటుంటే పీబీఓ పవర్ హద్దు తగ్గించండి, వీఆర్‌ఎం 100 దాటితే అప్పుడూ అంతే చేయండి.