హౌసింగ్ సొసైటీ ఎన్నికను సవాలు చేయడం ఎలా?

ఓటర్ల జాబితాలో మీ పేరు లేదు. లేదా కారణం చెప్పకుండానే మీ నామినేషన్ కొట్టేశారు. ఇలాంటప్పుడు చాలామంది ముందు వాట్సాప్ గ్రూపులో గొడవపడతారు, మర్నాడు స్టే కోసం సివిల్ కోర్టుకు పరుగెత్తుతారు. గ్రూపు గొడవతో టెన్షన్ తప్ప ఒరిగేదేమీ ఉండదు. కోర్టు సంగతికొస్తే, వాదనలో ఎంత బలమున్నా తప్పు చోట వేసిన కేసు ముందుకు కదలదు.

1. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసి చూడండి

బోర్డు మీద ‘సొసైటీ’ అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకే చట్టం కిందికి రావు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద నమోదైన హౌసింగ్ సొసైటీ అయితే, ఎన్నిక వివాదం 61వ సెక్షన్ కింద కో-ఆపరేటివ్ ట్రిబ్యునల్‌కు, అంటే సహకార సంఘాల వివాదాలు విచారించే ప్రత్యేక న్యాయస్థానానికి వెళ్తుంది. సివిల్ కోర్టు దారిని అదే చట్టంలోని 121వ సెక్షన్ మూసేసింది. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన అపార్ట్‌మెంట్ అసోసియేషన్లూ ఉంటాయి. వాటికి 23వ సెక్షన్ వర్తిస్తుంది: మధ్యవర్తిత్వం, లేదంటే జిల్లా కోర్టు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం మళ్లీ వేరు. దాని కింద నమోదైన సంఘమైతే బైలాస్‌లో (సంఘం సొంత నియమావళిలో) వివాదాల పరిష్కారం గురించి ఏం రాశారో ముందు చదవండి.

2. ఎన్నిక జరుగుతుండగానే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి

ముసాయిదా ఓటర్ల జాబితా రాగానే పేరు చూసుకోండి. బకాయి ఉందని పేరు తీసేస్తే, కట్టిన రసీదులు జతచేసి ఎన్నికల అధికారికి అర్జీ ఇవ్వండి. అర్జీ అందినట్టు సంతకం, తేదీ వేయించుకోవడం మరవద్దు. నామినేషన్ తిరస్కరిస్తే కారణంతో ఉత్తర్వు కాపీ అడగండి. కౌంటింగ్ దగ్గర అనుమానం వస్తే అక్కడికక్కడే రీకౌంటింగ్ కోరుతూ కాగితం ఇవ్వాలి. ఇంటికొచ్చాక గుర్తొచ్చిన అభ్యంతరానికి విలువ తక్కువ.

మధ్యలోనే ఎన్నిక ఆపించాలన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. ఎన్నిక మొదలయ్యాక కోర్టులు జోక్యం చేసుకోకూడదని సుప్రీంకోర్టు 1952లో పొన్నుస్వామి కేసులో చెప్పింది. ఓటర్ల జాబితా తయారీ కూడా ఎన్నికలో భాగమేనని 2001లో మహారాష్ట్ర పాల సహకార సంఘం కేసులో తేల్చింది. కాబట్టి మామూలుగా ఫలితం వచ్చాకే సవాలు. వచ్చాక మాత్రం ఆలస్యం వద్దు. గడువు ఎంతో అదే రోజు లాయర్‌ను అడగండి.

3. కాగితాలు పోగుచేయండి

ఎన్నికల నోటిఫికేషన్, తుది ఓటర్ల జాబితా, బైలాస్, ఫలితాల ప్రకటన కావాలి. సొసైటీ ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద, సొసైటీ నమోదైన రిజిస్ట్రార్ కార్యాలయానికి దరఖాస్తు పెట్టండి. సహకార సంఘాలు మామూలుగా ఆ చట్టం కిందికి రావని 2013లో సుప్రీంకోర్టు చెప్పినా, రిజిస్ట్రార్ మాత్రం వస్తారు. సొసైటీ నుంచి చట్టప్రకారం ఆయన తెప్పించుకోగల సమాచారాన్ని మీరు ఆయన్ను అడగొచ్చు.

4. మెజారిటీతో పోల్చి చూడండి

అనర్హులు నలుగురు ఓటేశారని రుజువు చేశారనుకుందాం. గెలిచినవారి ఆధిక్యం తొమ్మిది ఓట్లయితే ఆ నాలుగు ఓట్లు ఫలితాన్ని మార్చవు, కేసు నిలబడడం కష్టం. ఆధిక్యం మూడే అయితే కథ వేరు. అర్హత ఉన్న నామినేషన్‌ను అన్యాయంగా తిరస్కరించడం ఇంతకంటే బలమైన కారణం, ఎందుకంటే అక్కడ అసలు పోటీకే అవకాశం లేకుండా పోయింది.

5. పిటిషన్ వేయండి

గెలిచినవారినీ ఎన్నికల అధికారినీ సొసైటీనీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరిని వదిలేసినా అవతలి లాయర్ మొదట పట్టుకునేది దాన్నే. ‘అక్రమాలు జరిగాయి’ అని గంపగుత్తగా రాస్తే చాలదు. ఎవరు, ఎప్పుడు, ఏ నిబంధన ఉల్లంఘించారో రాయాలి. ఎన్నిక రద్దు కావాలా, రీకౌంటింగ్ కావాలా, మిమ్మల్ని గెలిచినట్టు ప్రకటించాలా అన్నది కూడా స్పష్టంగా కోరండి. కొత్త కమిటీ ప్లాట్లు అమ్మేస్తుందన్న భయముంటే, తీర్పు వచ్చేదాకా అలాంటి నిర్ణయాలు ఆపమని మధ్యంతర దరఖాస్తు వేయొచ్చు.

కేసు నడుస్తోంది కదా, ఈ కమిటీని నేను ఒప్పుకోను అంటూ మెయింటెనెన్స్ కట్టడం మాత్రం ఆపకండి. బకాయి పేరుతో వచ్చే ఎన్నికలో మిమ్మల్ని పక్కనపెట్టడానికి వాళ్లకు మీరే కారణం ఇచ్చినట్టవుతుంది.