పూర్వీకుల జాడ, నాలుగో పాఠం: ఫసలీ, సంవత్సర నామం, తాత పేరు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం పాఠకులు గత అభ్యాసానికి పంపిన జవాబులలో ప్రతి కాగితానికీ 590 మాత్రమే కలపడం చూశాక, ఇనాం (మాన్యం భూముల) దాఖలాల సంగతి వచ్చే పాఠానికి వాయిదా వేయక తప్పలేదు. ఫసలీ అంటే పాత కాగితాలలోని రెవెన్యూ సంవత్సరం; దానికి 590 కలిపితే వచ్చేది ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం మాత్రమే. ఫసలీ జూలై 1న మొదలవుతుంది కనుక, జనవరి నుంచి జూన్ వరకు రాసిన కాగితానికి 591 కలపాలి.

మన జిల్లాలలో ఈ తేడా చిన్నది కాదు. ఫసలీ 1345, యువ నామ సంవత్సర మాఘమాసం అని ఉన్న దస్తావేజు 1936 తొలి నెలలది, అంటే మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్ననాటిది. అదే ఫసలీలో ధాత నామ సంవత్సర వైశాఖ శుద్ధ పంచమి అని ఉంటే అది ఏప్రిల్ చివరి వారానిది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మన ప్రాంతం అందులో చేరింది కాబట్టి, అప్పటి ప్రభుత్వ ఉత్తరువులను మద్రాసు కాగితాలలో కాక కటకం (కటక్) కాగితాలలో వెతకాలి. ఒకే ఫసలీలో రెండు సంవత్సర నామాలు కనబడితే కాగితం రాసిన రాయసగాడు పొరబడ్డాడని కొట్టివేయకండి; ఉగాది మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది, ఫసలీ జూలైలో మారుతుంది.

అసలు ప్రమాదం ఫసలీ లేని కాగితంతోనే. సంవత్సర నామం 60 ఏళ్లకు తిరిగి వస్తుంది; మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతారు; రెండు తరాల ఎడం కూడా దాదాపు అంతే. 1875లోనూ యువ, 1935లోనూ యువ. అందుకే పట్టు నేసిన తాతనూ, పట్టు బట్టల వ్యాపారం చేసిన మనవడినీ ఒక్క మనిషిగా కలిపి, ఆయన మగ్గం మాని కొట్టు పెట్టాడని రాసేస్తున్నారు. వృత్తి మారినట్లు రాసే ముందు తండ్రి పేరు సరిపోల్చండి. తాతకూ మనవడికీ పేరొక్కటే అయినా తండ్రులు వేరు కదా. ఇంటిపేరును బట్టి వృత్తిని నిర్ణయించడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

నేను ముందుగా చూసేది చెక్కుబందీ, అంటే దస్తావేజులో రాసిన నాలుగు హద్దులు. తూర్పున ఫలానావారి మగ్గాల సాల, దక్షిణాన రంగుల అద్దకం వారి దొడ్డి అని హద్దులు రాసి ఉంటే, కాగితంలో చెప్పని వీధి వృత్తి కూడా తెలుస్తుంది.

అభ్యాసం: ఒకే పేరు గల ఇద్దరి దస్తావేజులు రెండేసి తీసుకుని, ప్రతి తేదీని ఇంగ్లీషు నెలకు మార్చి, నాలుగు హద్దులనూ తండ్రుల పేర్లనూ పక్కపక్కన రాయండి. ఫసలీ లేని కాగితాన్ని విడిగా ఉంచి, అది ఏ అరవై ఏళ్ల ఆవృత్తిలోదో తేలాకే వంశవృక్షంలో చేర్చండి.