చైనా రోగుల సోరియాసిస్ జన్యు అధ్యయనాన్ని ఎలా చదవాలి?

సోరియాసిస్‌కు జన్యువులతో సంబంధం ఉందని తెలియగానే, పొలుసుల మచ్చలతో వచ్చే ఈ చర్మవ్యాధి ఉన్న ఇంట్లో మొదట పుట్టే ప్రశ్న "మా పిల్లలకూ వస్తుందా?" అన్నదే. చైనా రోగులపై జరిగిన అధ్యయనాలు దీనికి నేరుగా జవాబు చెప్పకపోయినా, వాటిలోని అంకెలను జాగ్రత్తగా చదివితే అనవసరమైన భయం చాలావరకు తగ్గుతుంది. ఇక్కడ 2009లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వెలువడిన అధ్యయనాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దానిని హెఫెయ్ నగరంలోని ఆన్‌హుయ్ వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన జాంగ్ షుయెజున్ బృందం నిర్వహించింది.

ముందుగా ఎవరిని ఎవరితో పోల్చారో చూడండి. ఈ బృందం మొదట 1,139 మంది హాన్ (చైనాలోని అధిక సంఖ్యాక జాతి) రోగుల జన్యువులను 1,132 మంది హాన్ ఆరోగ్యవంతుల జన్యువులతో పోల్చింది. ఆపై ఆ ఫలితాలను వేరే 5,182 మంది హాన్ రోగులలో, 6,516 మంది ఆరోగ్యవంతులలో, అలాగే 539 మంది ఉయిగుర్ (చైనాలోని మరో జాతి) రోగులలో, 824 మంది ఉయిగుర్ ఆరోగ్యవంతులలో మళ్ళీ పరీక్షించింది. జన్యు వైవిధ్యాలు ఎంత తరచుగా కనిపిస్తాయన్నది జాతిని బట్టి మారుతుంది కనుక, రోగులను ఒక జాతి నుంచి, ఆరోగ్యవంతులను మరో జాతి నుంచి తీసుకుంటే పూర్వీకుల తేడాయే వ్యాధి కారణంగా కనిపించే ప్రమాదం ఉంది. పైగా జన్యుపదార్థంలోని లక్షల స్థానాలను ఒకేసారి వెతికినప్పుడు కొన్ని కేవలం యాదృచ్ఛికంగా తేలుతాయి. అందుచేత రెండవసారి నిలబడని ఫలితాన్ని పక్కన పెట్టండి.

తరువాత స్థానం చూడండి. అన్నిటికంటే బలమైన సంకేతం ఆరవ క్రోమోజోమ్‌పై, రోగనిరోధక వ్యవస్థకు కీలకమైన హెచ్‌ఎల్‌ఏ ప్రాంతంలో ఉంది. అక్కడి హెచ్‌ఎల్‌ఏ-సి*06:02 అనే రూపానికీ సోరియాసిస్‌కూ ఉన్న సంబంధం యూరప్ రోగులలోనూ చైనా రోగులలోనూ కనిపించింది. ముఖ్యంగా చిన్న వయసులో మొదలయ్యే వ్యాధిలోనూ, గొంతు ఇన్‌ఫెక్షన్ తరువాత చిన్నచిన్న మచ్చలుగా పొక్కే రకంలోనూ ఇది ఎక్కువ. అయితే 2009 అధ్యయనం కొలిచింది ఈ రూపాన్ని కాదు, దానికి సమీపంలోని ఆర్‌ఎస్1265181 అనే గుర్తును, అంటే మనిషికీ మనిషికీ తేడా ఉండే ఒక జన్యు స్థానాన్ని. దగ్గరదగ్గరగా ఉన్న జన్యుభాగాలు తరచు కలిసే సంక్రమిస్తాయి కనుక, గుర్తు కనిపించినంత మాత్రాన అదే దోషి అనుకోకూడదు.

ఇప్పుడు అసలు భయపెట్టే అంకెకు వద్దాం. ఆ గుర్తుకు వచ్చిన ఆడ్స్ రేషియో, అంటే గుర్తు ఉన్నవారిలో వ్యాధి ఉన్నవారికీ లేనివారికీ మధ్య నిష్పత్తి గుర్తు లేనివారిలోని అదే నిష్పత్తికి ఎన్ని రెట్లో చెప్పే అంకె, 22.62. దీన్ని "ఇరవై రెండు రెట్లు ప్రమాదం" అని చదివి ఆగిపోవడమే చాలామంది చేసే పొరపాటు. చైనాలోని ఆరు నగరాలలో జరిపి 2012లో ప్రచురించిన సర్వే ప్రకారం, సోరియాసిస్ ఉన్నవారు జనాభాలో 0.47 శాతం మాత్రమే. లెక్క కోసం, ఆ గుర్తు లేనివారిలో వెయ్యికి ఇద్దరికి వ్యాధి ఉందని అనుకుందాం. రెండును 998తో భాగించి 22.62తో గుణిస్తే సుమారు 0.045 వస్తుంది, అంటే నాలుగు శాతానికి కాస్త పైన. ఆ లెక్కన తల్లి నుంచో తండ్రి నుంచో ఆ గుర్తు ఒక ప్రతి వచ్చిన వంద మందిలోనూ దాదాపు 96 మందికి వ్యాధి ఉండదు. ఈ గుణకారం చేయకుండా ఏ కుటుంబానికీ ఆ అంకెను చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం.

ఒకటి కంటే తక్కువ అంకెలు కూడా ఉంటాయి. ఒకటవ క్రోమోజోమ్‌పై, చర్మపు పైపొర నిర్మాణంలో పాలుపంచుకునే ఎల్‌సీఈ జన్యువుల సమూహంలో దొరికిన గుర్తుకు 0.76 వచ్చింది. అంటే లెక్కించిన ఆ రూపం ఉన్నవారిలో ప్రమాదం కొంత తక్కువ.

అంకె ఒకటికి దగ్గరగా ఉంటే, అంటే ప్రభావం చిన్నదైతే, జన్యువు ముఖ్యం కాదని మాత్రం అనుకోకండి. అదే అధ్యయనంలో ఐఎల్12బీ అనే జన్యువులోని గుర్తుకు 0.78 వచ్చింది. కానీ ఆ జన్యువు తయారుచేసే పీ40 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ఉస్టెకినుమాబ్ అనే మందు ఎందరో రోగులకు ఉపశమనం ఇచ్చింది. వ్యక్తి భవిష్యత్తును చెప్పలేని జన్యువు కూడా వ్యాధి నడిచే దారిని చూపగలదు, నాకు ఈ అధ్యయనాలలో అత్యంత విలువైనదిగా తోచేది ఇదే.

వ్యాధి రకాన్ని కూడా గమనించండి. ఒళ్ళంతా చీము పొక్కులు వచ్చే తీవ్రమైన రకంలో ఐఎల్36ఆర్‌ఎన్ అనే వేరే జన్యువు ప్రధానం, దానిలోని ఒక మార్పు చైనా రోగులలో పదేపదే కనిపించింది. సాధారణ మచ్చల సోరియాసిస్ ఉన్నవారు ఆ ఫలితాలను తమకు అన్వయించుకోకూడదు.

హాన్ రోగుల అంకెలను తెలుగు కుటుంబాలకు యథాతథంగా తెచ్చుకోవడం కూడా సరికాదు. సోరియాసిస్ నిర్ధారణకు సాధారణంగా జన్యు పరీక్ష అవసరం లేదు. చర్మవైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు కుటుంబంలో ఇంకెవరికి ఉందో, ఏ వయసులో మొదలైందో, అంతకుముందు గొంతు నొప్పి వచ్చిందో లేదో రాసుకుని వెళ్ళండి. ఉదయం లేవగానే కీళ్ళు బిగుసుకుపోతుంటే, వైద్యుడు అడగకపోయినా, ఆ మాట తప్పక చెప్పండి.