మనకు నచ్చని రాజకీయ అభిప్రాయాన్ని అర్థం చేసుకోవడం ఎలా?

1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పటి నుంచి ఇక్కడి తెలుగు కుటుంబాలు ఇటు కొందరు, అటు పాతపట్నం వైపు కొందరుగా ఉన్నాయి. ఇక్కడివాళ్లు ఒడిశాలో ఓటేస్తారు, అక్కడివాళ్లు ఆంధ్రలో. పెళ్లిలోనో పెద్దకర్మలోనో రాజకీయం ఎత్తితే చాలు, మాటామాటా పెరిగి రాకపోకలు ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు. చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ముందు ఒక మనిషిని, ఒక విషయాన్ని ఎంచుకోండి. పార్టీ అనేది విషయం కాదు. వంశధార నది మీద ఆంధ్ర కట్టాలనుకుంటున్న నేరడి బ్యారేజీ, పిల్లల్ని ఒడియా మీడియంలో వేయాలా వద్దా, ఇవీ విషయాలంటే. మాట్లాడేటప్పుడు ఇద్దరే ఉండాలి. టీకొట్టు వద్దు, నలుగురు వింటుంటే ఎవరూ తగ్గరు. వాట్సాప్‌లో అసలే వద్దు.

తర్వాత, జరిగింది తెలుసుకోండి. నేరడి సంగతే తీసుకుంటే, వంశధార నీళ్లు రెండు రాష్ట్రాలకూ చెరిసగం. 2010లో ఈ నీటి తగాదా తేల్చడానికి ట్రిబ్యునల్ వేశారు. 2017లో అది బ్యారేజీకి ఒప్పుకుని, ఒడిశా వైపు 106 ఎకరాలు ఇవ్వాలంది. ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈమాత్రం తెలిస్తే చాలు.

ఇక అడగండి. ‘ఎందుకలా అంటావ్?’ అంటే నిలదీసినట్టుంటుంది. ‘ఇది నీకు ఎప్పటినుంచి అనిపిస్తోంది బావా?’ అనండి. కొడుకును ఒడియా మీడియంలో వేసిన తల్లిని ఇలా అడిగితే, తెలుగంటే చులకనై కాదని, ఒడియా రాకపోతే ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగం రాదన్న భయమని చెబుతుంది.

అసలు కష్టమంతా ఈ తర్వాతి మెట్టులోనే ఉంది. విన్నది మీ నోటితో తిరిగి చెప్పాలి, అవతలివాళ్లు ‘ఆ, అదే’ అనాలి. నూటికి తొంభై మంది ఇక్కడే చెడగొడతారు.

ఒడిశాలోని కాశీనగర్ వైపు పొలమున్న బావ బ్యారేజీ వద్దంటాడు. ‘అంటే శ్రీకాకుళం రైతు ఎండిపోయినా నీకు ఫర్వాలేదంటావ్’ అన్నారంటే అది బావ మాట కాదు, మీ కోపం. ‘మీ పార్టీవాళ్లు నూరిపోశారు’ అన్నా అంతే. ‘అర్థమైంది, కానీ’ అన్నారా, ఆ ‘కానీ’తో ఆయన వినడం మానేస్తాడు. ఒప్పుకున్నట్టవుతుందేమోనని కొందరు ఆయన వాదనను పలచన చేసి చెబుతారు. అది దొంగతనం కిందే లెక్క.

ఇలా చెప్పండి: ‘వరదొస్తే గట్టు కోసుకుపోయేది మీ వైపు. పరిహారం చేతికొచ్చినా ఆ పల్లపు మడి మళ్లీ రాదు. అదేనా బావా?’ ఆయన వెంటనే ఔననడు. ‘మడి పోతే పోనీ, మా ఊరివాళ్లని ఒక్క మాటైనా అడక్కుండా గీత గీస్తారని మంట’ అనొచ్చు. అదిగో, అసలు సంగతి బయటికొచ్చింది. నీళ్ల లెక్కలతో గంటసేపు వాదించినా అది తెలిసేది కాదు. ఆ మాట కలిపి మళ్లీ చెప్పండి. ఆయన ఔననేదాకా వదలొద్దు. మీ వాదన మాత్రం ఆ రోజు ఎత్తకూడదు, ఇది నా ఖచ్చితమైన నియమం. ఇంకో రోజు చెప్పండి.

ఒడియా చానల్ ఒకటి, తెలుగు చానల్ ఒకటి చూస్తే సరిపోతుందని కొందరంటారు. దానివల్ల తెలిసేది యాంకర్ల గొడవ, బావ మనసు కాదు. రాజకీయాలు ఎత్తకుండా ఉంటే చుట్టరికం నిలుస్తుందన్న సలహా ఇంకా చెడ్డది. మాట్లాడుకోకపోతే అవతలివాళ్ల గురించి మనసులో చెడ్డగానే ఊహించుకుంటాం.

చివరగా ఒక పరీక్ష. పాతపట్నంలో మీ వైపువాళ్ల దగ్గర, బావ లేనప్పుడు, ఆయన వాదన చెప్పండి. వాళ్లు మీతోనే వాదనకు దిగితే సరిగ్గా చెప్పినట్టు. నవ్వారంటే మీరెక్కడో ఎగతాళి కలిపారు, మళ్లీ వెళ్లి బావనే అడగండి.