ఇల్లు బాగుచేయించుకుందాం – 4: మేస్త్రి రోజులు, గోడ రోజులు

పోయిన పాఠంలో ఏ గదిలో ఏం మార్చాలో కాగితం మీద రాసుకున్నాం. ఆ కాగితం చూపించి మేస్త్రిని ఎన్నాళ్లు పడుతుందని అడిగితే, "ఎంత బాబూ, పన్నెండు పదమూడు రోజుల్లో అప్పజెప్పేస్తాం" అంటాడు. అబద్ధమేం కాదు. తను చెయ్యి పెట్టే రోజులే లెక్కేశాడు. గోడ ఆరే రోజులు, ఎవరూ రాని రోజులు మన ఖాతాలో పడతాయి.

నాకిది విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి తెలిసొచ్చింది. దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను, ముందురోజు తొలేళ్లు. ఊళ్లో ప్రతి ఇంటికీ చుట్టాలు దిగుతారు. పండగ మూడు వారాలుందనగా, ఉన్న ఒక్క బాత్రూమూ కొట్టించేశాను. తొలేళ్ల నాటికి గోడలకి సగం టైల్స్, కుళాయిల చోట కన్నాలు. చుట్టాలందరూ తువ్వాళ్లు భుజాన వేసుకుని పక్కింటికి వరస కట్టారు. "సిరిమాను దగ్గర కూడా ఇంత లైను లేదురా" అన్నాడు మా పెదనాన్న. ఇప్పటికీ అంటాడు.

అదే బాత్రూమ్ లెక్క ఇప్పుడు సరిగ్గా వేద్దాం. ముందు మేస్త్రి రోజులు. పాతవి కొట్టి ఎత్తిపోయడానికి 2, గోడల్లో గాడులు కొట్టి పైపులు వేయడానికి 2, ప్లాస్టరింగ్‌కి 1, నీళ్లు దిగకుండా వాటర్‌ప్రూఫింగ్ పూతలకి 2, టైల్స్‌కి 4, టైల్స్ మధ్య సందులు పూడ్చే గ్రౌటింగ్‌కి 1, కుళాయిలూ కమోడూ బిగించడానికి 1. మొత్తం 13. ఇక గోడ రోజులు. ప్లాస్టరింగ్‌కి నీళ్లు కొట్టడానికి 7, పూత ఆరడానికి 3 (డబ్బా మీద ఎక్కువ రాసుంటే అన్ని రోజులూ), నీళ్లు నిలబెట్టి చూడడానికి 2, టైల్స్ అతికాక గ్రౌటింగ్‌కి ముందు 1. ఇవీ 13. అంటే మేస్త్రి చెప్పినదానికి సరిగ్గా రెండింతలు, 26. దానికి మూడో వంతు, అంటే 9 రోజులు, నేను కళ్లు మూసుకుని కలుపుతాను. ప్లంబర్ వాళ్ల మేనకోడలి పెళ్లి, తెచ్చిన టైల్స్‌లో పగిలినవి, ఇలాంటివన్నీ అందులో సర్దుకుంటాయి. 35 రోజులని ఇంట్లో చెప్పండి. తొందరగా అయితే ఎవరూ తిట్టరు.

నీళ్లు నిలబెట్టి చూడడం దగ్గరే మేస్త్రి తొందరపెడతాడు. ఒప్పుకోకండి. గుమ్మం దగ్గర ఒక వరస ఇటుకలు పేర్చి సిమెంటుతో మెత్తించండి. నీళ్లు పోయే గొట్టం నోట్లో గుడ్డ గట్టిగా కుక్కండి. రెండంగుళాల ఎత్తు నీళ్లు నింపి, నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీయండి. 48 గంటలు ఎవరూ ముట్టుకోకూడదు. గీతకి కాస్త కిందకి దిగితే ఆవిరనుకోవచ్చు, వేలెడు దిగితే మాత్రం ఎక్కడో కారుతున్నట్టే. కింది గది కప్పు, బయటి గోడ చేత్తో తడిమి చూడండి, చెమ్మ ముందు చేతికే తెలుస్తుంది. ఈ రెండు రోజులు మిగుల్చుకున్నవాళ్లు ఏడాది తిరక్కుండా టైల్స్ పీకించడం నేను చూశాను.

స్లాబు పని ఉంటే ఇంకా ఆగాలి. కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన పీపీసీ సిమెంటుకి కనీసం 10 రోజులు తడి ఆరనివ్వకూడదు. కొత్త ప్లాస్టరింగ్ మీద రంగు వేయాలంటే నాలుగు వారాలు ఆగడం మంచిది. లేదంటే ఉప్పు పొంగి రంగు పొట్టు పొట్టుగా లేస్తుంది.

ఇక క్యాలెండర్. మన ఉత్తరాంధ్ర వైపు అక్టోబరును నమ్మొద్దు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న వచ్చాయి. ఆ నెలలో పైకప్పు విప్పే పని పెట్టుకోకండి. వానాకాలం నాగావళి, వంశధార నిండుగా పారుతుంటే ఇసుక దొరకడం కష్టం, కాబట్టి వానలకి ముందే దింపించి పట్టా కప్పుకోండి. భోగి నుంచి ముక్కనుమ దాకా ఎవరూ రారు, ఆ వారం లెక్కలోంచి తీసేయండి. మాఘంలో, వైశాఖంలో పెళ్లిళ్ల రంగులకి పెయింటర్లు దొరకరు. ఆషాఢంలో గృహప్రవేశాలుండవు కాబట్టి మేస్త్రిలు కాస్త ఖాళీగా ఉంటారు. వంటగది, బాత్రూమ్ లాంటి లోపలి పనులకి నాకు నచ్చిన నెల అదే. మా అత్తగారు మాత్రం ఆషాఢంలో గునపం పడితే ఎలా అన్నారు. కొత్త ఇల్లు కాదు, మరమ్మతే కదండీ అంటే, పంతులుగారిని అడిగి మరీ ఒప్పుకున్నారు.

వంటగది గట్టుకి టెక్కలి గ్రానైట్ అనుకుంటే, గట్టు కట్టి టైల్స్ అయ్యాకే రాయికి కొలత ఇవ్వండి. ముందిస్తే అరంగుళం తేడాకి రాయి మళ్లీ కోతకి వెళ్తుంది.

ఈ వారం చేయాల్సింది: గోడ క్యాలెండర్ దించి మేస్త్రి రోజులకి ఎర్ర పెన్ను, గోడ రోజులకి నీలం పెన్నుతో గుర్తులు పెట్టండి. పండగల మీద గీత కొట్టేయండి. తర్వాత మేస్త్రిని కూర్చోబెట్టి టీ ఇచ్చి ఆ క్యాలెండర్ చూపించండి. నీలం రోజుల్లో తను ఇంకో ఇంటి పనికి వెళ్లొచ్చని మీరే చెప్పండి, ఎలాగూ వెళ్తాడు. తిరిగొచ్చే తేదీ మాత్రం అతని చేతే రాయించండి. అడ్వాన్స్ ఇంకా ఇవ్వకండి, డబ్బు సంగతి ఐదో పాఠంలో.